అన్న పేరు మీద నా రక్తం

మా పేటలో బోటు మీదకి మనిషిని పేరు పెట్టి పిలవరు. "అసిరయ్య ఇంటి మనిషీ" అని కేకేస్తారు. అసిరయ్య మా నాన్న. ఆయన పోయి పదేళ్ళయినా పిలుపు మాత్రం మారలేదు. ఆ పిలుపుకి మా అన్న జగన్నాధం వెళ్తాడు. వాడికి జ్వరం వస్తే నేను వెళ్తాను. వల లాగడానికి రెండు చేతులు కావాలి గాని, అవి ఎవరివైతే ఏం?

నాకు సముద్రం పడదు. ఒడ్డు కనబడకుండా పోయిన అరగంటకి పొద్దున్న తిన్నదంతా కక్కేస్తాను. అందుకే వేటకి పోయే ఇంట పుట్టి కూడా చేపల్ని అయిస్ పెట్టెల్లో సర్ది, వ్యానులో కోటబొమ్మాళికీ బొబ్బిలికీ తోలే పనిలో పడ్డాను. ఊళ్ళో నన్ను ఆటపట్టించడానికి అదొక్కటి చాలు. అయినా అన్న బదులు నిలబడమంటే నిలబడేవాణ్ణి. అందులో తప్పుందని మా ఇంట్లో ఎవరికీ ఏనాడూ తోచలేదు.

రెండు వేల పదిహేడు మార్చిలో మా అమ్మ దాలమ్మ నన్ను అలాగే ఇంకోచోట నిలబెట్టింది.

వదిన గౌరి మాకు మేనత్త కూతురు. పెళ్ళయి పదకొండేళ్ళయింది, పిల్లల్లేరు. ట్యూబులు మూసుకుపోయాయనీ, పిండాన్ని బయట కట్టించి కడుపులో పెట్టడం తప్ప దారి లేదనీ శ్రీకాకుళంలో సంతాన కేంద్రం డాక్టరమ్మ చెప్పింది. అన్న పారాదీప్‌లో మరబోటు మీద పనిచేస్తాడు. ఏడాదిలో వాడు ఇంటిపట్టున ఉండేది సర్కారు వేట బందు పెట్టే అరవై ఒక్క రోజులే, ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా. ఇంజెక్షన్లు, ఆపరేషను, అన్నీ ఆ లోపలే అయిపోవాలి. తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. వదినకి అప్పటికే ముప్ఫై మూడు దాటాయి.

మొదలుపెట్టే ముందు చేసిన పరీక్షల్లో వదిన రక్తంలో తలసేమియా ఉందని బయటపడింది. ఆమెకి జబ్బు లేదు, దాన్ని మోసే గుణం ఉందట. భర్తకి కూడా ఉంటే పుట్టే బిడ్డకి జబ్బు రావచ్చు, కాబట్టి ఆయన రక్తం చూడందే మొదలుపెట్టం అన్నారు. అన్న చూస్తే నడిసముద్రంలో ఉన్నాడు. పదిహేను రోజులకోసారి పారాదీప్‌లో ఒడ్డెక్కి, మర్నాడే మళ్ళీ పోతాడు.

అమ్మ చేపల తట్ట అరుగు మీద దించి, చుట్ట కుదురు విప్పి విసనకర్రలా ఊపుకుంటూ తేల్చేసింది.

"ఒరే ఎంకీ, నువ్వెల్లి ఇచ్చీరా."

"అన్న పేరు మీద నానేటే అమ్మా?"

"ఏటవుతాది? ఇద్దరూ ఈ కడుపులోంచి వచ్చినోళ్ళే. ఒకటే రకతం. ఆడు దిగొచ్చిందాకా ఆగితే బందు సగం ఎలిపోతాది." తర్వాత గొంతు తగ్గించింది. "గౌరికి మాత్రం సెప్పకు. ఇంటరు సదివిన పిల్ల, ఏటేటో అడిగి బుర్ర తినేస్తాది."

ఫోనులో దొరికినప్పుడు అన్న కూడా అదే అన్నాడు. "ఇచ్చీరా తమ్ముడా, నీదైతే ఏటి నాదైతే ఏటి."

అన్న ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని వెళ్ళాను. మా ఇద్దరికీ నాన్న ముక్కే వచ్చింది. కౌంటరులో అమ్మాయి కార్డు మీద బొమ్మనీ నన్నూ ఒక చూపు చూసి "జగన్నాధం గారేనా?" అంది. అవునన్నాను. సూది గుచ్చింది, సీసా నిండింది, దాని మీద అన్న పేరు అంటించింది. చిన్న పనికి ఇంత హడావిడా అనుకుంటూ బయటికొచ్చి సోడా తాగాను.

నాలుగు రోజులకి నార్మల్ అని కాగితం వచ్చింది. వదిన దాన్ని రెండు చేతులతో పట్టుకుని మూడుసార్లు చదివింది. ఆమెకి ఒక తమ్ముడుండేవాడు. పొట్ట ఉబ్బి, మొహం పాలిపోయి, నెలకోసారి రక్తం ఎక్కిస్తే గాని లేచి తిరిగేవాడు కాదు. వాణ్ణి చంకనేసుకుని బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళేది వదినే. ఏడేళ్ళకి పోయాడు. అప్పటికి వదినకి పద్నాలుగు. వాడి జబ్బు పేరే ఇప్పుడు తన కాగితం మీద కనబడితే ఆమెకి ఎలా ఉండి ఉంటుందో నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"బావకి నేదురా ఎంకీ," అంది. "నా బిడ్డకి సూది మీద సూది పొడిపించక్కర్నేదు."

నేనేదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను. వెధవకి వెధవనని తెలియదు కదా.

*

బందు మొదలైన రోజే అన్న వచ్చాడు. ఇంట్లో గొంతులు తగ్గాయి. వదిన బిందె ఎత్తకూడదు, తట్ట ముట్టకూడదు, ఎండలో నిలబడకూడదు అని అమ్మ ఆంక్షలు పెట్టింది. పొద్దున్నే బొడ్డు పక్కన ఇంజెక్షను. మొదట్లో పేటలోని నర్సు వచ్చి వేసేది, తర్వాత వదినే వేసుకోవడం నేర్చుకుంది. ఆ సమయానికి అన్న గుమ్మం బయట నిలబడి సముద్రం వైపు చూసేవాడు. తుఫానులో బోటు తిప్పుకొచ్చిన మనిషి, సూది చూడలేడు.

విశాఖపట్నం నుంచి ఒక మేడమ్ నెలకోసారి, మొదటి శనివారం వస్తుందని, పుట్టుకతో వచ్చే జబ్బుల సంగతి వివరించేది ఆమేనని కేంద్రంలో చెప్పారు. ఏప్రిల్లో ఆమె రాలేదు. భర్తది నార్మలే కాబట్టి కంగారు లేదు, మేలో కలుద్దురుగాని అని ఇంజెక్షన్లు మొదలుపెట్టేశారు. మే నెలలో ఆ శనివారం అన్న ఒడ్డున మా పడవకి తారు పూస్తున్నాడని నేనే వదినని తీసుకెళ్ళాను.

ఆ మేడమ్ పేరు భరణి. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. బయట బెంచీల మీద పలాస, గరివిడి, ఇంకా పై ఊళ్ళ నుంచి వచ్చిన జంటలు పదిహేను దాకా ఉన్నాయి. అందరికీ కలిపి ఆమె ఒక్కతే. మా వంతు వచ్చేసరికి రెండు దాటింది. అయినా విసుక్కోకుండా కాగితం మీద రెండు బొమ్మలు గీసింది, ఒకటి తల్లి, ఒకటి తండ్రి. కింద నలుగురు పిల్లలు.

"ఇద్దరిలోనూ ఈ గుణం ఉంటే, ప్రతి కానుపులోనూ నాలుగింట ఒక వంతు జబ్బు బిడ్డ పుట్టే అవకాశం ఉంటుంది. ఒక్కరిలోనే ఉంటే జబ్బు బిడ్డ పుట్టదు. మీ ఆయనకి లేదు కాబట్టి మీరు భయపడక్కర్లేదమ్మా."

వదిన ఆ కాగితం అడిగి తీసుకుని, మడిచి బొడ్లో పెట్టుకుంది. నేను బల్ల మీద గీతల్నే చూస్తున్నాను. మాకూ వదినకీ రక్తసంబంధం ఉంది. ఆమె తల్లి మా నాన్న తోడబుట్టింది. ఆ గుణం మా నాన్నలోనూ ఉంటే? ఆ ఆలోచన వచ్చాక కూర్చోలేకపోయాను.

వదిన మందుల కిటికీ దగ్గరికి వెళ్ళగానే మళ్ళీ లోపలికెళ్ళాను.

"మేడమ్, ఒక తల్లి బిడ్డలే అనుకోండి. అన్నకుంటే తమ్ముడికీ ఉంటాదా? తమ్ముడికి నేకపోతే అన్నకీ ఉండదా?"

"అలా ఏం లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే, పిల్లల్లో కొందరికి వస్తుంది, కొందరికి రాదు. ఎవరిది వాళ్ళకే చూడాలి." పెన్ను పక్కన పెట్టింది. "ఎవరి గురించి అడుగుతున్నారు?"

"మా పక్కింటోల గురించండి."

ఆమె నా మొహం వైపు కాసేపు చూసి, ఒక చీటీ మీద ఫోను నంబరు రాసిచ్చింది. "ఆ పక్కింటాయన్ని తొందరగా రక్తం ఇవ్వమనండి. నేను మళ్ళీ వచ్చేది జూన్లోనే. ఈలోగా ఫోను చేయొచ్చు."

తిరుగు బస్సులో వదిన కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయింది. ఇంత ప్రశాంతంగా ఆమె నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

*

గుడ్లు తీసేది సోమవారం. ఆదివారం పొద్దున్నే ఒడ్డున అన్ననీ అమ్మనీ పట్టుకుని చెప్పాను.

"తారు ఆరకముందే బస్సెక్కు అన్నా. నీ రకతం నువ్వియ్యి."

అన్న బ్రష్షు ఆపలేదు. "నీకు నేదన్నారు కదా."

"నాకు నేదు. నీ సంగతి ఎవులికీ తెల్దు."

"ఒక తల్లి పాలే తాగినాం. నాకెక్కడి నుంచి వస్తాది?"

"నాన్న నుంచి రావచ్చట."

అమ్మ మొహం చిట్లించింది. "సచ్చిపోయిన మనిషి మీదకెందుకురా తోస్తావు? ఆయన రాయిలాగుండేవోడు." చీర కొంగు నడుముకి బిగించి నా దగ్గరకొచ్చింది. "విను ఎంకీ. ఇప్పుడెల్లి అబద్ధం ఆడినామని సెప్తే ఆళ్ళు ఆపేస్తారు. రేపు తీసే గుడ్లు ఏటవుతాయి? ఈ పాలి పోతే ఆ పిల్ల మళ్ళీ అన్ని సూదులూ పొడిపించుకోవాలా? దాని ఒళ్ళు సూసినావా, నల్లగా కమిలిపోనాది."

నా భయమూ అదే. అయిస్‌లో పెట్టిన సరుకు సంగతి నాకు తెలిసినట్టు మా పేటలో ఇంకెవరికీ తెలియదు. మొదటిరోజు కళ్ళు మెరుస్తాయి, మూడో రోజుకి మసకేస్తాయి, అయిదో రోజుకి కోళ్ళ మేతకి పోతుంది. ఒళ్ళోంచి తీసిన గుడ్డు అంతకన్నా ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆపమంటే పదకొండేళ్ళ ఆశని నా చేత్తో కుళ్ళబెట్టినట్టే. ఆపకపోతే ఏడేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని వదిన మళ్ళీ బస్సెక్కాలి.

"బిడ్డ పుడితే సాలురా," అన్నాడు అన్న, పడవకేసి చూస్తూ. వాడి చేతిలో బ్రష్షు నించి తారు ఇసకలోకి కారిపోతోంది. వాడికీ భయంగానే ఉందని నాకప్పుడు తెలిసింది, తెలిసి ఇంకా కోపమొచ్చింది.

సోమవారం ఎనిమిది గుడ్లు తీశారు. గురువారానికి మూడు పిండాలు నిలిచాయన్నారు. శనివారం లోపల పెడతారు. ఆ అయిదు రోజులూ నేను బేరాల్లో తప్పులు చేశాను, వ్యాను ఒకసారి కాలవ గట్టు ఎక్కించాను. చొక్కా జేబులో భరణి మేడమ్ నంబరు చెమటకి తడిసి అలుక్కుపోయింది. ఫోను చేద్దామని రెండుసార్లు తీశాను. వదిన వెనకాల ఆమెకి చెప్పడం దొంగ పని అనిపించింది. చెప్పాల్సింది ఎవరికో నాకు తెలుసు, ధైర్యమే లేదు.

*

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి అందరం కేంద్రంలో ఉన్నాం. వదిన ఆకుపచ్చ గౌను వేసుకుని బెంచీ మీద కూర్చుంది. డాక్టరమ్మ చెప్పినట్టు సీసాడు నీళ్ళు తాగింది. అన్న సంతకాలకి వెళ్ళాడు. అమ్మ మరిడమ్మ తల్లికి మొక్కుకుంటూ మెట్ల మీద ఉంది.

నర్సు వచ్చి నవ్వుతూ చెప్పింది. "మూడింట్లో ఒకటో నంబరు చాలా బాగుందమ్మా. డాక్టరుగారు అదే పెడతారు. ఇంకో పది నిమిషాలు."

వదిన రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. "ఒకటో నంబరట్రా," అంది నాతో.

"వదినా, ఆ రకతం నాది," అన్నాను.

"ఏ రకతం?"

"మార్చిలో ఇచ్చింది. అన్న ఇయ్యనేదు. అన్న పేరు సెప్పి నాను ఇచ్చినాను."

పైన ఫ్యాను తిరుగుతోంది. ఎదుటి బెంచీ మీద ఒకావిడ అరటిపండు వలుస్తోంది. వదిన నన్ను తిట్టలేదు, ఏడవలేదు. అడిగింది.

"ఎవులెవులికి తెలుసు?"

"అమ్మకి. అన్నకి."

"అంటే నాకొక్కదానికే తెల్దు."

ఆ మాట నేను బతికున్నంతకాలం మర్చిపోను. గౌను అంచు సరిచేసుకుని ఆమె లేచింది. మూత్రం ఆపుకుని ఉంది కాబట్టి మెల్లగా, గోడ పట్టుకుని నడిచింది. నర్సు దగ్గర నిలబడి, "ఇయ్యాల వద్దండి. మా ఆయన రకతం సూసినాక పెడుదురు," అంది.

డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచి చేసిన కేకలు ఇక్కడ రాయను. అన్నీ న్యాయమైనవే. తలొంచుకుని విన్నాం. చివర్లో అన్న అడిగాడు.

"అవి అయిస్‌లో ఎన్నాళ్ళు నిలుస్తాయమ్మా? రేపటికుంటాయా?"

డాక్టరమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం సగం దిగింది. "అది మీ అయిస్ కాదయ్యా. చాలా ఏళ్ళు ఉంటాయి. ఏళ్ళు."

అన్న నా వైపు చూశాడు. నేను అమ్మ వైపు చూశాను. ఈ ఒక్క ప్రశ్న వారం కిందట ఎవరమైనా అడిగి ఉంటే అని ముగ్గురికీ ఒకేసారి అనిపించి ఉంటుంది. వదిన ఎవరి వైపూ చూడలేదు.

అన్న ఆ రోజే రక్తం ఇచ్చాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, తన పేరు తనే చెప్పి ఇచ్చాడు. నాలుగు రోజులకి కాగితం వచ్చింది. వాడూ మోస్తున్నాడు. నా రక్తం బాగుందని చెప్పే కాగితం మీద మా అన్న పేరుంది, అది ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

జూన్లో భరణి మేడమ్ వచ్చినప్పుడు అమ్మ కూడా వెళ్ళింది. తట్ట గుమ్మం బయట దించి చెయ్యి చాపింది. "నాదీ సూడండమ్మా. నా వల్లే సెడిందేటో." అది ఎవరి తప్పూ కాదనీ, రాళ్ళలాంటి మనుషుల్లోనూ ఉంటుందనీ మేడమ్ చెప్పింది. పిండాల్లోంచి కాస్త తీసి చెన్నై పంపి చూడొచ్చు, ముందు మొగుడూపెళ్ళాల రక్తం కూడా అక్కడికే పంపాలి, రెండు నెలల దాకా పడుతుంది అంది. అమ్మ అన్నిటికీ తలూపింది. ఇంటికొచ్చాక వదినకి కంచంలో అన్నం పెట్టి పక్కనే కూర్చుంది. వదిన తింది గాని మాట్లాడలేదు. నాతో అసలే మాట్లాడటం మానేసింది.

*

బందు ఎత్తేశారు. అన్న ఊళ్ళోనే ఉండాలి, ఎప్పుడు ఏ సంతకం, ఏ రక్తం కావాలంటారో తెలియదు. పారాదీప్ బోటు నడిపే సరంగు ధనరాజు మావ మా పేటవాడే. ఫోను చేసి ఎప్పటిలాగే "అసిరయ్య ఇంటి మనిషిని పంపండి" అన్నాడు. నేను కోటబొమ్మాళిలో రైలెక్కాను. స్టేషనుకి అన్న వచ్చాడు. వాంతికి నిమ్మకాయలు ఒక సంచీడు తెచ్చాడు. వదిన రాలేదు.

నలభై రోజులు ఆ బోటు మీద ఎలా బతికానో చెబితే మీకు తిండి సయించదు. నాకంటే చేపలే ఎక్కువ తిన్నాయని ధనరాజు మావ వేళాకోళం. వల లాగుతున్నంతసేపూ నా బుర్రలో చెన్నై వెళ్ళిన ఆ మూడు నంబర్లే ఉండేవి. ఒడ్డు దగ్గరికొచ్చినప్పుడల్లా ఫోను పైకెత్తి చూసేవాణ్ణి.

జూలై చివర్లో ఒక మధ్యాహ్నం, పారాదీప్ లైట్‌హౌసు కనబడుతుండగా ఫోను మోగింది. వదిన నంబరు.

"ఎంకీ."

రెండు నెలల మీద ఆ నోట నా పేరు విన్నాను.

"సెప్పు వదినా."

"రిపోర్టు వచ్చినాది. రెండు, మూడు నంబర్లు బాగున్నాయట."

ఇంజను చప్పుడులో సరిగ్గా వినబడలేదేమోనని ఫోను చెవికి నొక్కుకున్నాను. "ఒకటోది?"

"అది మా తమ్ముడేరా," అంది.

నేను వలల మీద కూలబడ్డాను. పది నిమిషాలు. ఆ రోజు ఇంకో పది నిమిషాలు నేను నోరు మూసుకుని ఉంటే. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అటువైపు వదినా ఏడుస్తోందని ఊపిరిని బట్టి తెలుస్తోంది.

చివరికి ఆమే ముక్కు ఎగబీల్చి, "వచ్చే నెల్లో రెండోది పెడతారట," అంది. తర్వాత, "ఏటైనా తింటన్నావా?"

"తింటన్నాను గాని, లోపల ఉండటం నేదు."

నవ్విందనుకుంటాను. "నిమ్మకాయలు నానే కోయించినాను. మీ అన్నకి అంత గేనం ఎక్కడిది," అని పెట్టేసింది.

బోటు జెట్టీకి చేరుతోంది. తాడు అందుకోమని ధనరాజు మావ పైనుంచి కేక వేశాడు.

"అసిరయ్య ఇంటి మనిషీ!"

కళ్ళు తుడుచుకుని లేచి తాడు పట్టుకున్నాను.

"ఎంకీ అని పిలు మావా," అన్నాను.